ఒక్క పక్షికి చలిమిడి

వారం రోజులుగా నా గది గుమ్మంలో ఒక జత చెప్పులు కంపు కొడుతున్నాయి. పలాసలో ఇది సామాన్యమైన సంగతి కాదు. జీడిపిక్కలు కాల్చే బట్టీల వాసన ఈ ఊరంతా దుప్పటిలా కప్పుకుని ఉంటుంది కనుక, దాన్ని తోసుకుని ఇంకో వాసన తల ఎత్తాలంటే అది చాలా గట్టిదై ఉండాలి. ఇది గట్టిదే. నౌపడ ఉప్పుమడుల గట్ల మీద పక్షులు వేసిన రెట్టా, ఎండకు కుళ్ళిన చిన్న చేపలూ, ఉప్పుబురదా కలిసి నా చెప్పుల అడుగున అంటుకుని నాతోపాటే బస్సెక్కి వచ్చేసిన వాసన. పై వాటాలో ఉండే ఇంటావిడ మెట్లు దిగుతూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏటి పిన్నిగారూ, గుమ్మంలో ఎండుసేపలు గానీ ఆరబెట్టినారేటి?" అని అడిగింది. పక్షుల్ని చూడటానికి వెళ్ళొచ్చానమ్మా అంటే, ఈ వయసులో ఇదేం రోగం అన్నట్టు చూసి, "బేగి కడిగీండి" అని వెళ్ళిపోయింది. కడగకపోవడానికి బద్ధకమే కారణమని ఆవిడకి చెప్పాను. అసలు కారణం వేరు. ఆ వాసన మా నర్సమ్మత్త వాసన.

మా ఊరు టెక్కలికీ సముద్రానికీ నడుమ, పెరటికొక చింతచెట్టున్న ఊరు. దసరా వానలు వెనకబట్టి, చేలల్లో వరి పొట్టకొచ్చే రోజుల్లో, ఒక సాయంత్రం ఆకాశం తూర్పు మూల తెల్లగా కదిలేది. ముందు గూడబాతులు, గడ్డం కింద సంచితో, పెళ్ళికి తరలివచ్చే పెద్దమనుషుల్లా నింపాదిగా దిగేవి. వాటి వెనక ఎర్రకాళ్ళ కొంగలు కాళ్ళు చాపుకుని వచ్చి కొమ్మల మీద చోటు కోసం తగువులాడుకునేవి. సైబీరియా నుంచి వస్తాయని మా బళ్ళో మేష్టారు చెప్పేవారు. సైబీరియా ఇచ్ఛాపురం దాటాక ఎక్కడో ఉంటుందని మేం అనుకునేవాళ్ళం. అవి అంత దూరంనుంచి రావనీ, ఈ దేశంలోనే తిరుగుతూ ఉంటాయనీ నిరుడు ఎవరో చెబితే, నాకు దగ్గరి చుట్టం అబద్ధం చెప్పినట్టు కొంచెం కష్టమనిపించింది.

పక్షులున్న ఆరు నెలలూ మా పెరట్లో నడవడమంటే సాహసమే. నీలాకాశం కింద, చుక్క వాన లేకుండా, మా అమ్మ తాటాకు గిడుగు నెత్తిన బోర్లించుకుని పెరట్లోకి వెళ్ళి వచ్చేది. ఆరేసిన చీర మీద కొత్త బుటాలు పడేవి; గూళ్ళలోంచి జారిన చేపలు పొయ్యి పక్కన టప్పున పడితే పిల్లులు మూడు వీధుల అవతలనుంచి వచ్చేవి; పొద్దుపొడిచింది మొదలు పక్షిపిల్లల అరుపులూ, కొంగల ముక్కుల టకటకా. ఆ రెట్ట పడిన మట్టిని బుట్టలతో తీసుకెళ్ళి చేలల్లో జల్లితే పంట రెట్టింపు అని మా నాన్న అనేవాడు, తిట్టుకుంటూనే. పిల్లలం లంగా కుచ్చిళ్ళు గడ్డం కింద దోపి సంచీ చేసుకుని, దాంట్లో చింతపిక్కలు నింపుకుని, ఒక్కటీ జారకుండా వీధి చివరిదాకా పరుగెత్తే ఆట ఆడేవాళ్ళం. నా మెడ పొడుగు, కాళ్ళు పొడుగు, పరుగు మాత్రం పొట్టి. ఎప్పుడూ ఓడిపోయేదాన్ని. నా పేరు కొంగ. అప్పటినుంచీ నాకు పక్షపాతం ఎక్కువ.

ఆ పక్షులు పురిటికొచ్చిన ఆడపిల్లలని మా ఊరి లెక్క. కడుపుతో ఉన్న కూతురు పుట్టింటికి వస్తే చలిమిడి పెట్టినట్టే, పక్షులు దిగిన సాయంత్రం మా ఇంట్లో చలిమిడి చేసి ఇంటింటికీ పంచేవారు, ఊళ్ళో పెద్ద చింతచెట్టు మాదే కాబట్టి. ఆ చలిమిడి నోట్లో వేసుకున్నవాడు మళ్ళీ ఫాల్గుణంలో పక్షులు పిల్లల్ని వెంటబెట్టుకుని లేచిపోయేదాకా ఆ చెట్ల మీద గొడ్డలి ఎత్తకూడదు, రాయి విసరకూడదు, టపాసు కాల్చకూడదు. తిన్నాక తిన్నట్టే. అందుకే మా ఊళ్ళో దీపావళి కళ్ళకే గాని చెవులకు ఉండేది కాదు. గోగుకాడలకు గుడ్డపీలికలు చుట్టి వెలిగించి తిప్పేసి, చప్పుడు లేకుండా వచ్చి పడుకునేవాళ్ళం.

ఆ చలిమిడి చేసేది నర్సమ్మత్త. మా నాన్నకు అక్క, ఆయన అప్పా అని పిలిచేవాడు. ఉద్దానంలో, కొబ్బరితోటల నడుమ ఒక ఇంటికిచ్చారు. ఏడో నెలలో పురిటికని మా ఇంటికి వచ్చింది. బిడ్డ దక్కలేదు. అటునుంచి రెండుసార్లు కబురొచ్చిందట, మూడోసారి రాలేదట. ఇదంతా నేను పుట్టకముందు. నాకు తెలిసిన అత్త ఎప్పుడూ మా ఇంట్లోనే ఉంది, తెల్లవారగానే పెరడు ఊడుస్తూ, కూలిన గూళ్ళ పుల్లలు ఏరి పొయ్యిలోకి దాస్తూ, గూటిలోంచి పడిన పిల్లని చేటలో పెట్టి, పాలేరుచేత నిచ్చెన వేయించి పైకి ఎక్కిస్తూ. ఎన్నిసార్లు స్నానం చేసినా ఆమె చీరలో ఆ వాసన ఉండేది. నేను రాత్రులు ఆ వాసనలోనే నిద్రపోయేదాన్ని. పక్షులు దిగిన రోజున ఆమె పెరటి అరుగు గోడ మీద జేగురుతో ఒక నిలువు గీత గీసేది, ఏడాదికొకటి. ఎన్ని గీతలుంటే అన్నేళ్ళుగా ఆమె పుట్టింట్లో ఉన్నట్టు, కానీ ఎవరూ ఆ మాట పైకి అనేవారు కాదు.

నాకు పదేళ్ళప్పుడు ఒక ఏడు పక్షులు రాలేదు. వానలు మొహం చాటేశాయి, చెరువు అడుగు పగిలింది. దసరా పోయింది, దీపావళి పోయింది, చెట్టు బోసిగానే ఉంది. మా నాన్నకు వంటిల్లు పెంకులు తీసి శ్లాబు వేయాలని ఎన్నాళ్ళనుంచో ఉంది, అందుకు చింతచెట్టు అడ్డం. ఎండల్లో కొట్టిద్దామంటే మళ్ళీ వచ్చేవాటికి చోటుండదని అత్త అడ్డుపడేది, అవి వచ్చాక చలిమిడి తినేసి ఊరుకునేవాడు. ఆ ఏడు టెక్కలినుంచి కోతవాళ్ళని పిలిపించాడు. వాళ్ళు మానుకు తాడు చుట్టి కొలుచుకుని వెళ్ళారు.

"నాగులసవితి దాటాక కొట్టించేత్తాను, అప్పా. ఈలోగా ఒచ్చినాయా సరే, నేకపోతే మరి నన్నేటీ అనొద్దు" అన్నాడు నాన్న.

"మరొక్క వారం ఆగరా."

"ఎన్ని వారాలు? ఒచ్చీవి ఒచ్చీసుండును. దారి మర్సిపోనాయి, ఇంకేటి."

అత్త వినిపించుకోనట్టే లేచింది. లోపలికి వెళ్ళి బియ్యం నానబోసింది. దసరా వెళ్ళినప్పటినుంచీ, ఇరవై రోజులుగా, అదే ఆమె పని. చలిమిడికి బియ్యం ముందే నానాలి కదా, పక్షులు దిగాక నానబోస్తే అవి ఆకలితో కూర్చోవాలా అని, రోజూ సోలెడు బియ్యం నానబోసేది. పక్షులు వచ్చేవి కావు. ఆ బియ్యమే మర్నాడు అట్లై మా కంచాల్లోకి వచ్చేవి. అట్లంటే ప్రాణం పెట్టే నేనే, ఇరవయ్యో రోజుకి అట్టును చూసి ఏడ్చాను.

నాగులచవితినాటి సాయంత్రం నేను వీధిలో, గడ్డం కింద చింతపిక్కలతో, ఎప్పటిలాగే అందరికంటే వెనక ఉన్నాను. వెనక ఉండటంలో ఒక సుఖముంది, ఆకాశం చూడటానికి తీరిక ఉంటుంది. పెద్ద తెల్లటి రెక్కలు మా ఇంటి మీదుగా వంగి చింతచెట్టులోకి దిగడం చూశాను. అంతే. ఎన్ని, ఏవి, ఎలాంటివి, ఏమీ చూడలేదు. పిక్కలు వీధంతా జల్లుకుంటూ, "అత్తా, ఒచ్చినాయి! ఒచ్చినాయే!" అని అరుచుకుంటూ ఇంట్లోకి పరుగెత్తాను. జీవితంలో ఆ ఒక్క పరుగులోనే నేను మొదట వచ్చాను.

అత్త పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపు తల పైకెత్తి చూసింది. నేను కొంగు పట్టుకుని లాగుతున్నా చూపు దించలేదు. తర్వాత లోపలికి వచ్చి, నానిన బియ్యం వడకట్టి, రోట్లో పోసి దంచడం మొదలుపెట్టింది. అంత వేగంగా ఆమె దంచడం నేనెప్పుడూ చూడలేదు. బెల్లం పాకం వాసన, యాలకుల వాసన, కొబ్బరి ముక్కలు నేతిలో వేగే వాసన. దీపాలవేళకి మా అమ్మా నేనూ ఇంటింటికీ ఆకుల్లో చలిమిడి పంచేశాం. అందరూ తిన్నారు. పొలంనుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న మా నాన్న తడిచేతిలో అత్త ఒక ముద్ద పెట్టింది. ఆయన నోట్లో వేసుకుని, "ఒచ్చినాయేటి?" అన్నాడు నములుతూ.

"ఒచ్చింది" అంది అత్త.

తెల్లవారేసరికి పెరటి నిండా జనం. చెట్టు మీద ఒక్కటే పక్షి. గూడబాతూ కాదు, ఎర్రకాళ్ళ కొంగా కాదు. ఒళ్ళంతా తెలుపు, కాళ్ళు నలుపు, ముక్కు మాత్రం అన్నం తెడ్డులా చివర బల్లపరుపుగా ఉంది. మా పెరట్లో అలాంటిది ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఎక్కడి గుంపులోంచో విడిపోయి వచ్చినట్టుంది. కొమ్మ చివర ముడుచుకుని, ఇంతమంది ఎందుకు చూస్తున్నారో తెలియక, ముక్కు వీపులో దాచుకుంది. నాకూ ఎక్కడైనా దాచుకోవాలనే ఉంది. దాచుకునేంత ముక్కు లేదు.

పక్కింటి సూరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఓలమ్మా, నర్సమ్మా! ఒక్కర్తికేటే ఊరందరికీ సలివిడెట్టినావు? దానికి మొగుడా, కడుపా?"

జనం నవ్వారు. మా నాన్న నవ్వలేదు. మొహం ఎర్రబడింది. అప్పుడే పెరటిగుమ్మంలో కోతవాళ్ళు గొడ్డళ్ళతో వచ్చి నిలబడ్డారు.

అత్త చేతిలో చీపురు అలాగే ఉంది. ఆమె గొంతు పెంచలేదు. "ఒక్కర్తే ఒచ్చినా ఇది పుట్టినిల్లు గాదేటే, సూరమ్మా?" అంది.

నవ్వులు ఆగిపోయాయి. ఎవరు ముందు తల దించుకున్నారో నాకు గుర్తులేదు, సూరమ్మే అయి ఉండాలి. మా నాన్న అత్త వంక చూడలేదు. గోడ మీది గీతల వంక చూశాడు, చాలాసేపు. తర్వాత కోతవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "ఎల్లిపోండర్రా. సలివిడి తినీసినాను" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను అత్త ఒళ్ళో తల పెట్టుకుని, తప్పు చెప్పానని ఏడ్చాను. ఆమె నా జుట్టులో పేలు చూస్తూ, "ఊరుకోవే గుంటా. దినామూ అన్నం వొడ్డించీదాన్ని, తెడ్డు నాకు తెలదేటే?" అంది.

ఆ తెడ్డుమూతి కొంగ ఆ శీతాకాలమంతా మాతోనే ఉంది. పొద్దున్నే ఉప్పుమడుల వైపు వెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ముక్కుతో నీళ్ళను అటూ ఇటూ కలియబెడుతూ తిరిగేది. సాయంత్రం వచ్చి అదే కొమ్మ మీద వాలేది. గూడు కట్టలేదు. గొంతెత్తి అరవలేదు. అత్త తేగలు ఒలుచుకుంటూ చెట్టు కింద కూర్చుని, దానితో ఏదో ఒకటి చెబుతూ ఉండేది, వంటిల్లు కారుతున్న సంగతి, ఉద్దానంలో వాళ్ళ పెరటి బావినీళ్ళ తీపి. మాఘం చివర ఒక సాయంత్రం అది తిరిగి రాలేదు. అత్త రెండు సాయంత్రాలు గిడుగు పట్టుకుని పెరట్లోనే నిలబడింది. మూడో రోజు గిడుగు చూరులో దోపేసింది. ఆ ఏటి జేగురు గీత మిగతావాటికంటే కొంచెం పొట్టి.

మరుసటి ఏడు చెరువు నిండింది, గుంపులు గుంపులుగా అన్నీ వచ్చాయి. అత్త ఉన్నన్నాళ్ళూ చెట్టు ఉంది, కారే వంటిల్లూ ఉంది. ఒక శ్రావణంలో, పక్షులింకా రాకముందే, ఆమె వెళ్ళిపోయింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఒక్కచెట్టు మిగలకుండా పడుకోబెట్టిన తుఫానులో మా చింతచెట్టు కూడా పడింది, వంటింటి మీదే. నాన్న కోరిక అలా తీరింది, ఆయన లేకుండా. అరుగు గోడకి మా తమ్ముడు టైల్సు వేయించాడు. వాటి మీద ఏ గీతా నిలవదు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

నేను పలాసలో జీడిపప్పు ఏరించే పనిలో ముప్పై ఏళ్ళు గడిపాను. గుండేదో, బద్దేదో, ముక్కేదో కళ్ళు మూసుకుని చెప్పగలను. పక్షుల దగ్గరికొస్తే ఇప్పటికీ నా చూపు ఆ పదేళ్ళ పిల్ల చూపే. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆదివారాల్లో కెమెరాలు పట్టుకుని పక్షుల్ని చూడటానికి వెళ్ళే కుర్రకారు కొందరు నన్ను కూడా తీసుకెళ్తుంటారు, నా టిఫిన్ డబ్బా కోసమని నా అనుమానం. పోయిన ఆదివారం నౌపడ గట్టు మీద, మూలపేట వైపు రేవు పనుల క్రేన్లు కనిపిస్తున్న చోట, నీళ్ళలో ఒక తెడ్డుమూతి కొంగ ఒంటరిగా కలియబెడుతూ కనిపించింది. ఆ గుంపులోని అమ్మాయి ఫోనులో పేరు కొట్టి, ఎన్ని అనే గడిలో ఒకటి అని వేసి, "దారి తప్పినట్టుంది మేడం" అంది. ఏదో చెప్పబోయి, డబ్బా మూత తీసి వాళ్ళకి పులిహోర పెట్టాను.

నిన్న బియ్యం నానబోశాను. ఈ ఉదయం మిక్సీలో పట్టి, నా వంట నేర్పుకు తగ్గట్టే ఉండలు ఉండలుగా చలిమిడి చేసి, ఒక గిన్నెలో పై వాటాకి తీసుకెళ్ళాను. ఇంటావిడ ఆశ్చర్యపోయింది.

"సలివిడేటి పిన్నిగారూ? ఎవురైనా పురిటికొచ్చినారేటి?"

"వచ్చారమ్మా. ఒక్కర్తే."

ఆవిడ మెట్లమీంచి వంగి, తలుపు తీసి ఉన్న నా గదిలోకి చూసింది. అక్కడ మంచమూ, నీళ్ళబిందె, గుమ్మంలో చెప్పులూ తప్ప ఇంకెవరూ లేరు. నా వంక చూసింది. ఏమనుకుందో ఏమో, గిన్నెలోంచి ఒక ముద్ద తీసి నోట్లో వేసుకుంది.

తిన్నాక తిన్నట్టే. చెప్పులు ఫాల్గుణం దాకా కడగను.