రమణని ఎవరూ ఆపలేదు

మొన్న వేసవిలో గజపతినగరంలో స్నేహితుడి కూతురి పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర పాత మిత్రులం కలిసి కూర్చుని, మా డిగ్రీ కాలేజీ బాస్కెట్‌బాల్ వీరుడు రమణ గురించి చెప్పుకుంటున్నాం. అందరికంటే నా గొంతే పెద్దది.

"ఆఖరి నిమిషంలో బాలట్టుకుని ఒక్కడే పరిగెత్తేడు. ఎవులూ ఆపలేకపోనారు. బాలు బుట్టలో పడ్డాది. మ్యాచ్ పోతే పోనాది గానీ, ఆడ్ని బుజాలమీద కేంటీన్ దాకా ఊరేగించీసినాం."

నా పక్క విస్తరి ముందున్న పొడుగాటి బట్టతల మనిషి పప్పన్నం కలుపుతూ అడిగాడు. "ఎందుకాపలేదో తెల్సేటి?"

"బయిం."

"కాదురా. అది మనం కాసుకోవాల్సిన బుట్టే. సగం ఆటయ్యాక బుట్టలు మారతాయని మరిసిపోనాను."

జుట్టంతా పోయిన ఆ మొహంలోకి పరికించి చూశాను. ఆ మనిషే రమణ.

"మరప్పుడే సెప్పలేదేటిరా?"

"సెప్దామంటే మీరు కిందకి దింపితేనా."

వరసంతా ఒకటే నవ్వు. నేను ఊరూరా చెప్పుకు తిరిగిన గొప్ప అలా గంగలో కలిసింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అయినా మా అభిమానం ఆ బుట్టని చూసి పుట్టింది కాదని అప్పుడే తెలిసింది. చేతులు కడుక్కోగానే నలుగురం కలిసి రమణని మళ్లీ ఎత్తుకున్నాం.

ఈసారి తెలిసే ఎత్తుకున్నాం.