ఊపిరికి సరిపడా వోల్టేజి

కరెంటు తీగ చేరని ఆ గుట్ట మీది ఇంట్లో పెద్దాయనకు తెల్లారితే సోలార్ బ్యాటరీల సేవే. పాత చొక్కా పీలికతో టెర్మినళ్లు తుడుస్తాడు, మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోస్తాడు, ఆనక మీటరు వంక గుడ్లప్పగించి చూస్తాడు. వెనక గదిలో మంచం పట్టిన తమ్ముడికి ఊపిరి అందించే ఆక్సిజన్ మెషిన్ నడిచేది వాటి మీదే. "బస్సు నడిపినన్నాళ్లు బ్రేకులనైనా ఇంత ముద్దు చేశారా?" అని భార్య ఎగతాళి చేసేది. ముసురు పట్టి, గుట్ట దిగే దారి కొట్టుకుపోయాక ఆవిడా వచ్చి మీటరు చూసి పోతోంది.

ఆ మధ్యాహ్నం మబ్బు కాస్త విచ్చింది. పాతబడ్డ బ్యాటరీలు పద్నాలుగున్నర వోల్టులకే నిండినట్టు నటిస్తున్నాయని, ఆయన ఛార్జింగ్ పదహారుకు పెంచేశాడు. ఉన్న ఎండంతా వాటిలో కుక్కెయ్యాలని ఆశ. కాసేపటికే అవి ఎసరులా కుతకుతలాడి, ఘాటు వాసన కొట్టింది.

"ఛార్జింగ్ దించండి! ఉన్నవి కూడా పోతాయి!" అని భార్య అరిచింది.

గబగబా దించాడు. అప్పటికే ఒక బ్యాటరీ ఉబ్బిపోయింది. పైన మళ్లీ మబ్బు మూసుకుంది.

అంతలో వెనక గదిలో మెషిన్ చప్పుడు ఆగింది. పరుగెత్తాడు. స్విచ్ మీద తమ్ముడి చెయ్యే ఉంది.

"కాసేపు దాన్ని ఆపుదాం అన్నయ్యా... నేను ఓర్చుకుంటాలే."

పెదాలు అప్పుడే నీలంగా మారుతున్నాయి. పెద్దాయన స్విచ్ వేశాడు.

"నువ్వు ఊపిరి తీసుకోరా. మిగతాది నేను చూసుకుంటా."

ఎలా చూసుకోవాలో తెలియదు. తమ్ముడి చెయ్యి మళ్లీ అటు పోకుండా తన రెండు చేతుల్లో బిగించి పట్టుకుని, మంచం అంచున కూర్చుండిపోయాడు.