పెండ్లి కాని చాచాకు ఆటో నిండా పిల్లలు

పుస్తకం చదివినవాడికి లోకంలో తెలియనిదంటూ ఉండదని నేను మనసారా నమ్మిన రోజులు కొన్ని ఉండేవి. డిగ్రీ మధ్యలోనే ఆగిపోయినా గ్రంథాలయంలో ఒక్క అలమారాను కూడా వదలలేదు. (తాళం వేయాలంటే లైబ్రేరియన్ గారు ముందు నన్ను వెతికి బయటికి పంపాల్సి వచ్చేది.) ఆ ధీమాతోనే జూలూరుపాడు దారిలో ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. నేను చేరిన కొద్ది రోజులకే కాలేజీకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. అడ్మిషన్లు, హాజరు, పరీక్షలు, హాస్టలు, లైబ్రరీ అన్నీ అందులోనే. దాన్ని చూసి మా ప్రిన్సిపాల్ సారు కొత్త పెళ్లికొడుకులా మురిసిపోయారు. "పిల్లగాడు క్లాసుకు రాకుంటే పొద్దుగాలనే తండ్రికి ఫోన్ పోవాలె. మనం చేసుడు కాదు, మిషనే చెయ్యాలె. సమజైందా?" అన్నారు. నాకు సమజు కాకపోవడమా!

విద్యార్థుల వివరాలు ఎక్కిస్తుంటే ఒక వింత ఎదురైంది. అడవిలోపలి గూడెం నుంచి వచ్చే పిల్లలందరి దరఖాస్తుల్లోనూ తండ్రి ఫోన్ నంబరు ఒక్కటే. సాఫ్ట్‌వేర్ మర్యాదగా అడిగింది: ‘ఈ నంబరు ఇప్పటికే ఉంది. వీరు ఒకే కుటుంబమా?’ ఇంకొకరైతే వరండాలోకి తొంగిచూసి, ఆ పిల్లల్లో ఒకర్ని పిలిచి అడిగేవారు. నేనెందుకు అడుగుతాను? అడవి పల్లెల జీవనం మీద లావుపాటి పుస్తకం చదివినవాణ్ని. ఉమ్మడి బతుకు, ఒకే పెద్ద, ఆయన మాటే అందరికీ శాసనం. ఇంటిపేర్లు వేరువేరుగా ఉండటం కూడా నా కంటికి లోతైన విషయంలాగే కనబడింది. ఒక్కొక్కరి దగ్గరా ‘అవును’ నొక్కుకుంటూ పోయాను. పక్క బల్ల మీది క్లర్కు మేడమ్‌కు ఆ వ్యవస్థ గొప్పతనం కూడా వివరించాను. ఆమె ఆవులించింది.

ఆ నంబరు ఆటో చాచాది. గూడెంలో సిగ్నల్ రాదు. చాచా ఉండేది జూలూరుపాడులో. రోజూ పొద్దున తన ఆటోలో ఆ పిల్లల్ని కాలేజీకి తెచ్చేది ఆయనే, సాయంత్రం దింపేదీ ఆయనే. అందుకని గూడెంలో ఎవరిని నంబరు అడిగినా చాచా నంబరు చెప్పేవారు. వచ్చిన కబురును చాచా ఆటోలో పిల్లలతోపాటు మోసుకుపోయి ఇంటింటికీ చెప్పి వచ్చేవాడు. చెల్లెళ్లకు నిఖాలు చేస్తూ చేస్తూ నలభై దాటినా, ఆయనకు మాత్రం ఇంకా పెండ్లి కాలేదు. ఇవేవీ నేను చదివిన పుస్తకంలో లేవు.

మిషను మొదటిసారి ఫోన్లు చేసిన రోజునే చాచా ఇంటికి సత్తుపల్లి నుంచి పెండ్లి సంబంధంవాళ్లు వచ్చారు. అందుకే ఆయన ఆ పూట ఆటో తీయలేదు. ఆటో రాలేదు కాబట్టి గూడెం పిల్లలెవరూ కాలేజీకి రాలేదు. చుట్టాలు సేమియా తింటుండగా చాచా ఫోన్ మోగింది. (ఆ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే వినబడదు, స్పీకరులోనే మాట్లాడాలి.) తీయటి ఆడగొంతు అందుకుంది: "నమస్కారం తండ్రిగారూ! మీ పిల్లలు ఈరోజు కళాశాలకు రాలేదు." తర్వాత ఆ పిల్లల పేర్లు మొదలయ్యాయి. ఆగితేగా! బీఏ వాళ్లు, బీకాం వాళ్లు, మొదటి సంవత్సరం, చివరి సంవత్సరం... పెండ్లిపిల్ల తండ్రి చెంచా గిన్నెలో పెట్టి, టోపీ సర్దుకుని లేచి వెళ్లిపోయాడట.

మర్నాడు ఆటో గేటు దాటి నేరుగా మా ఆఫీసు మెట్ల దాకా వచ్చింది.

"తమ్మీ, బయటికి రా. నన్ను ఎందరికి తండ్రిని చేసినవో ఒక్కసారి నువ్వే చూసుకో," అన్నాడు చాచా. ఆటోలోంచి పిల్లలు కిసుక్కుమన్నారు.

"చాచా, ఇది ఇంటిగ్రేటెడ్ సిస్టం. అంటే..."

"గదంతా నాకెందుకు? ఇన్నేండ్లకు ఒక్క సంబంధం కుదిరింది. దాన్ని నీ మిషను చెడగొట్టింది. జల్దీ ఎక్కు. సత్తుపల్లికొచ్చి నువ్వే చెప్పు."

పిల్లలు దిగమన్నా దిగలేదు. అందరం కలిసి పెండ్లిపిల్ల ఇంటికి వెళ్లాం. ఆమె టైలరు, కుట్టుమిషను చప్పుడు లోపలి గదిలోంచి వినబడుతోంది. నేను గొంతు సవరించుకుని డేటా గురించీ, సర్వరు గురించీ, పనిలో పనిగా అటవీ సమాజాల గురించీ ఉపన్యాసం ఇచ్చాను. ఆమె తండ్రి ఓపిగ్గా అంతా విని, "ఇంతకీ బాబూ, ఆయనకి పిల్లలు ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు.

"సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారండీ," అన్నాను.

చాచా తల పట్టుకున్నాడు. అప్పుడు బీఏ చివరి సంవత్సరం అమ్మాయి ఒకతె నన్ను పక్కకు జరిపి ముందుకొచ్చింది. "ఏందోలే సారు మాట! తాతా, మా ఊర్ల సిగ్నల్ రాదు. చాచా ఫోనే మా ఊరి ఫోను. మా అక్క కాన్పుకు దవాఖానాల ఉంటే, ఆడపిల్ల పుట్టిందని వానల వచ్చి చెప్పిండు. కిరాయి గూడ తీసుకోలే. గంతే, ఇంకేం లేదు."

లోపల మిషను చప్పుడు ఆగింది. పరదా వెనకనుంచి గొంతు వినబడింది: "అబ్బా, ఇంతమందికి వచ్చే ఫోన్లు ఎత్తే మనిషి, నా ఒక్కదాని ఫోన్ ఎత్తడా?"

నిఖాకు గూడెమంతా వచ్చింది. ఆ తర్వాత మిషను ఫోన్ చేస్తే చాచీయే ఎత్తేది, క్లాసు ఎగ్గొట్టినవాళ్లను సాయంత్రం ఆటో ఆపించి తన గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసేది. ఆ ఫోన్లు వచ్చినంతకాలం గూడెం పిల్లల హాజరుకు ఢోకా లేకపోయింది.

ఇప్పుడు గూడెంలో టవర్ వేశారు. ఎవరి ఫోను వాళ్లకుంది, ఎవరి తండ్రికి వాళ్ల కబురు పోతుంది. మొన్న బస్టాండు దగ్గర చాచా ఆటో ఆపి, "తమ్మీ, పిల్లలు రోజూ క్లాసుల కూసుంటున్నరా? నాకు ఫోనే వస్తలేదు," అని దిగులుగా అడిగాడు. ఆఫీసుకొచ్చి పాత వివరాలు తెరిచాను. ‘ఒకే కుటుంబమా?’ అన్న ప్రశ్న పక్కన, ఒకప్పుడు నేనైన ఆ పుస్తకాల కుర్రాడు నొక్కిన ‘అవును’లు వరసగా అలాగే ఉన్నాయి. అది ఎంత నిజమో వాడికి అప్పుడు తెలియదు పాపం. దిద్దబుద్ధి కాక మూసేశాను.