లారీ ఎక్కిన లాభం

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే జనార్ధన్‌కు భార్య గాయత్రిని చూస్తే మహా గర్వం. షేర్లు కొనే స్నేహితులెవరు వచ్చినా, "లాభం సూసి ఎగరొద్దన్నా, మా గాయత్రిని అడుగు" అనేవాడు.

కంపెనీల ఫలితాలు వచ్చిన రోజు ఆమె పొయ్యి కట్టేసి మరీ కూర్చునేది. లాభం ఎంతని కాదు, ఎక్కడిదని చూసేది. స్థలం అమ్మితే వచ్చిందా, సరుకు అమ్మితే వచ్చిందా? అమ్మిన సరుకుకు డబ్బు చేతికందిందా, లేదా? ఊరంతా ఎగబడి కొన్న ఒక విత్తనాల కంపెనీని, "వీళ్ల లాభమంతా డీలర్ల గోడౌన్లలో ఉంది" అని పక్కన పెట్టేసింది. మరుసటి ఏడాది ఆ సరుకులో సగం వెనక్కొచ్చి షేరు కుప్పకూలింది. ఇక జనార్ధన్ గొప్పలకు పట్టపగ్గాలు లేవు.

పరాయి కంపెనీలను చూసే ఆ చూపు సొంత కొట్టు మీదా పడుతుందని పాపం ఆ మనిషికి తట్టలేదు.

ఎమ్మిగనూరు నుంచి అతని మేనత్త చెన్నమ్మ వచ్చింది. భర్త పోయాక అంగడి అమ్మేసింది. ఆ డబ్బు మీదే ఆమె మిగతా బతుకు.

"బ్యాంకులో ఏమొస్తాది? నీ యాపారంలో పెట్టుకో జనార్ధనా, నెలనెలా ఇంత ఇయ్యి" అంది.

జనార్ధన్‌కు ప్రాణం లేచొచ్చింది. చేతిలో పైసా ఆడక, బాకీలోళ్లకు కట్టలేక అల్లాడుతున్నాడు. కాగితం మీద మాత్రం లాభం నిరుటికి రెట్టింపు! మార్చి నెలాఖరు లెక్క తీసి అత్త చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని చూడకుండానే గాయత్రికి అందించింది.

"నువ్వు సూడమ్మీ. నువ్వు సరేనంటే సాలు."

గాయత్రి చూసి మొగుణ్ణి అడిగింది. "ఆఖర్లో కోయంబత్తూరుకు పోయిన లారీలు ఇందులో కలిపినారా?"

"కలపకుండా? పత్తి బేళ్లు లారీ ఎక్కితే అమ్మినట్లే కదా! ఈడ అందరూ అట్లనే రాస్తారు."

రాస్తారు, నిజమే. అవతల మిల్లువాళ్లు బేలు విప్పి, దూది లాగి చూసి, తేమ కొలిచి సరేనంటేనే అది అమ్మకం. లేదంటే సరుకు వెనక్కి, బాడుగ మన నెత్తిన. ఇది తెలియని వ్యాపారి ఆదోనిలో లేడు. తెలిసి కూడా లారీకి తాడు బిగించగానే లాభం రాసేసుకుంటారు మహానుభావులు!

"మిల్లోళ్లు సరేనన్నారా?"

జనార్ధన్ ఆ కాగితం వెనక్కి తీసుకోబోయాడు. తేమ ఎక్కువుందని ముందురోజే ఫోను వచ్చింది.

గాయత్రి ఇవ్వకుండా చెన్నమ్మ వైపు తిరిగింది. "అత్తా, ఈ లాభం ఇంకా చేతికి రాలేదు. వస్తాదో రాదో తెలీదు. ఇదే ఇంకో కంపెనీ అయింటే రూపాయి కూడా పెట్టొద్దని చెప్పేదాన్ని. మీకూ అదే చెప్తాండాను."

జనార్ధన్ చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఒళ్లు మండిపోతోంది. మొగుడి కొట్టు అని కూడా చూడలేదే! పత్తి మార్కెట్ యార్డు దాకా ఆమెను తిట్టుకుంటూనే నడిచాడు. అక్కడ ఆగాడు. ఇదే మాట ఇంకొకరి లెక్క చూసి చెప్పి ఉంటే, ఈపాటికి పదిమందికి చెప్పుకుని మురిసిపోయేవాడు కదా తను. సిగ్గేసింది.

ఇంటికొచ్చేసరికి చెన్నమ్మ సంచి సర్దుకుంటోంది.

"కోపమొచ్చిందా నాయనా?"

"వచ్చింది." గాయత్రి వైపు చూసి, మళ్లీ అత్త వైపు తిరిగాడు. "నువ్వు దుడ్డు ఇచ్చింటే ఈ పొద్దే నా బాకీలోళ్లకు కట్టేసుంటి అత్తా. నీకు మిగిలేది ఆ కాగితమే."