తులసి పక్కన బటర్‌కప్

గ్వెల్ఫ్‌లో మేం అద్దెకున్న బేస్‌మెంట్‌లో రెండు ఫ్రిజ్‌లుండేవి. పెద్దదాంట్లో పెరుగు, దోసెల పిండి, మాగాయ. చిన్నదాంట్లో ఒక మొక్క.

మనవాళ్ల పిల్లలు ఆ మంచుదేశానికి విమానాల కొద్దీ వచ్చి కాలేజీల్లో చేరుతున్న ఏళ్లవి. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురేసి సర్దుకునేవారు. పైన ఉండే ఇంటి ఓనరు ఆంటీ గుంటూరు వైపు మనిషి. ఆడపిల్లలు ఇరుకున పడకూడదని మా ఇద్దరికే ఇచ్చింది. నా రూమ్మేట్‌ది ఖమ్మం. వృక్షశాస్త్రంలో మాస్టర్స్ చేసేది.

ఆ మొక్కే ఆమె థీసిస్. న్యూజిలాండ్‌కి బాగా దక్షిణాన, మనుషులు కాపురముండని దీవుల్లో పెరిగే అడవి బటర్‌కప్. మందపాటి గుండ్రటి ఆకులు, పసుపు పూలు. అక్కడ ఎండాకాలంలో కూడా స్వెట్టర్ తీయలేమట. ఎప్పుడూ గాలి, ముసురు. ల్యాబ్‌లో చల్లగది మరమ్మతుకు వచ్చినప్పుడు, మొగ్గ వేసిన ఈ ఒక్క కుండీని ఇంటికి తెచ్చుకుంది. ఫ్రిజ్‌లో అరలు తీసేసి లైటు బిగించింది. పువ్వు విచ్చాక, పుప్పొడి అంటించే ఈగల పని సన్నటి బ్రష్‌తో తనే చేసింది. పచ్చటి గింజలు కట్టాయి. అవి ముదిరితే చదువు ముందుకు నడుస్తుంది. లేకపోతే మళ్లీ మొదటినుంచి, అదీ స్టడీ పర్మిట్‌కి గడువు మిగిలితే.

"మన పచ్చళ్లకు చోటు లేదు, నీ మహారాణికి మాత్రం ఏసీ బంగళా" అని ఏడిపించేదాన్ని.

"మహారాణి వాదించదు. నీకన్నా నయం" అనేది.

వాదన నాకు ఇంట్లో అబ్బిన విద్య. చంటిపిల్లప్పటి నుంచే నాన్న నన్ను హేతువాదుల చర్చావేదికలకు తీసుకెళ్లేవాడు. మా ఇంట్లో పెళ్లికి పంతులు లేడు, చావుకు కర్మకాండ లేదు. ఓదార్పు కోసం చెప్పే అబద్ధమే మూఢనమ్మకాలన్నిటికీ తల్లి అనేవాడు. నేనూ అదే నమ్మాను. చలికాలమంతా వంటింటి కిటికీలో, హీటర్ గాలి తగిలేచోట ఆంటీ కాపాడుకునే తులసిని కూడా నేను వదల్లేదు. దేవతే అయితే మంచుకు ఎందుకు ఆగలేకపోతోందని ఒకసారి అడిగాను.

"నువ్వు ఆగుతున్నావా? నీకూ హీటర్ వేశానుగా" అంది.

ఫిబ్రవరిలో నా రూమ్మేట్ విండ్సర్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లింది. తెరిస్తే చల్లదనం పోతుందని నేను చిన్న ఫ్రిజ్ జోలికి పోయేదాన్ని కాదు. కాఫీ షాపులో షిఫ్టుకు వెళ్లడం, వచ్చి పడుకోవడం, అంతే. నేను షిఫ్టులో ఉండగా బట్టలు ఉతకడానికి కిందికి దిగిన ఆంటీ, చిన్న ఫ్రిజ్‌కు లైటు తీగ కోసం వదిలిన సందులోంచి వెలుతురు చూసి తలుపు తెరిచింది.

తిరిగొచ్చిన రూమ్మేట్‌కి ఖాళీ ఫ్రిజ్ కనిపించింది. ఇద్దరం పైకి పరుగెత్తాం. మొక్క తులసి పక్కన ఉంది. ఆకులు ఉడికిన బచ్చలికూరలా కుండీ అంచు మీదికి వాలిపోయాయి. గింజల కాడ నల్లబడి వంగిపోయింది. కుండీకి పసుపు బొట్టు.

"పాపం, ఎవరో మరిచిపోయి ఫ్రిజ్‌లో వదిలేశారు తల్లీ" అంది ఆంటీ. "చలికి బిగుసుకుపోయింది. గోరువెచ్చని నీళ్లు పోస్తున్నా, ఇంకా తేరుకోలేదు."

నా రూమ్మేట్ వాలిన ఆకును వేలితో ఎత్తి చూసింది. తర్వాత, అది ముందే జబ్బుపడిందని, ఎలాగూ పోయేదేనని నెమ్మదిగా చెప్పింది. కుండీతో కిందికి వచ్చాక ఏడ్చింది. ఆంటీకి నిజం చెప్పొద్దని మాట అడిగింది. నేను ఇవ్వలేదు.

గింజలు చూసిన ప్రొఫెసర్ ఒక్కటీ మొలవదని తేల్చేసింది. ఆ సాయంత్రం ఆంటీ నన్ను పక్కకు పిలిచింది. ఆ పిల్ల ముఖం చూస్తే తనకు నమ్మబుద్ధి కావడం లేదట.

"నువ్వు మొహమాటానికి పోవు. చెప్పు, నా చేతుల్లోనే పోయిందా?"

"అవును ఆంటీ. దానికి వెచ్చదనం పడదు."

ఆమె కుర్చీలో కూలబడింది. అజ్ఞానం మీద నేను విన్న ఉపన్యాసాలెన్నో, ఇచ్చినవెన్నో. వాటిలో అజ్ఞానానికి ఎప్పుడూ కోరలుండేవి. గోరువెచ్చని నీళ్ల చెంబు పట్టుకుని వస్తుందని ఏ వేదిక మీదా ఎవరూ చెప్పలేదు.

సంగతి తెలిసి నా రూమ్మేట్ మండిపడింది. "నిజం చెప్పావు సరే, నా గింజలు తిరిగొచ్చాయా? ఆమెను కూడా ఏడిపించావు, అంతేగా?" అంది. అడిగిన మనిషికి జవాబు దక్కాలి. ఇప్పటికీ నా మాట అదే. కానీ ఆ మాట అనేటప్పుడు గొంతు మునుపటిలా లేవదు.

మేమలా మాటల్లో ఉండగానే ఆంటీ మెట్లు దిగి వచ్చింది. మొక్క ఉన్న చోటు మళ్లీ ఒకసారి చూపించమంది. నా రూమ్మేట్ చిన్న ఫ్రిజ్ తెరిచింది. ఆంటీ స్వెట్టర్ చెయ్యి పైకి మడిచి, కుండీ ఉన్నచోట అరచేయి ఆనించింది.

"ఇంత చలిలో హాయిగా ఉండేదా?"

"ఉండేది ఆంటీ. పూసింది కూడా."

"మళ్లీ వేస్తావా?"

"గడువు చాలదు ఆంటీ."

ఆంటీ చెయ్యి తీయలేదు. వేళ్లు ఎర్రబడుతున్నా అలాగే నిలబడింది. చివరికి నా రూమ్మేటే ఆ చేతిని బయటికి తీసి, తన రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దసాగింది.