కోడలి పెళ్లి శుభలేఖ

ఈ సాయంత్రం చోడవరంలో శుభలేఖలు అచ్చువేసే షాపులో కూర్చున్నాను. పనేమీ లేదు, అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుంది. ఇంతలో రావికమతం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కొడుకు పోయిన మూడేళ్లకు కోడలికి మళ్లీ పెళ్లి చేస్తోంది. కార్డులో ‘మా కోడలు’ అన్నది పొరపాటనుకుని షాపాయన ‘మా కుమార్తె’ అని దిద్దేశాడు.

“కూతురంటే బాగుంటాది కదమ్మా,” అన్నాడు.

“కూతుర్లాటిదే బాబూ. కానీ అలాగేసెత్తే మా పెద్దోడు అసలు పుట్టనట్టే కదా. ఆడు కట్టుకుంటేనే ఈ గుంట మా ఇంటికొచ్చింది. కోడలనే ఎయ్యి.”

ఆయన మళ్లీ ‘మా కోడలు’ అని మార్చాడు. ఆవిడ నన్నూ పెళ్లికి రమ్మంది.

ఇకమీదట పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఇద్దరూ ఆవిణ్ణి ‘అత్తా’ అనే పిలుస్తారు. మీరెరిగిన ఇళ్లలో ఇలాంటి అత్త ఎవరైనా ఉన్నారా?