పసుపు పూసిన పిడుగురాయి

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి. రసాలు కోతకొచ్చాయి. నూజివీడు నుంచి చాట్రాయి వైపు ఏ ఆటో ఎక్కినా కాళ్ళ కింద మామిడికాయల ట్రేలే. తమ్మిలేరు వెంట ఆదిమానవుల పనిముట్లు దొరుకుతాయేమో చూడడం నా పని. మేము దీన్ని సర్వే అంటాం. ఏరు కోసిన గట్లు, దున్నిన చేలు, ఎవరో తవ్వి వదిలేసిన గోతులు చూసుకుంటూ నడవడం. పురావస్తు శాఖ అంటే నిధుల వేట అనుకునేవాళ్ళున్నారు. నా ఉద్యోగమంతా తల వంచుకుని నడవడంతోనే గడిచింది.

చాట్రాయి దాటాక, ఏటికి కాస్త ఎగువన ఒక తోట మధ్యలో అలాంటి గొయ్యి ఒకటి కనిపించింది. కాపలా మనిషిని అడిగాను. అంతకు ముందు ఏడు అక్కడ పిడుగు పడి చెట్టు మాడిపోయిందనీ, కింద ఉన్న తోట యజమాని చనిపోయాడనీ చెప్పాడు. మొద్దు పెకలించినప్పుడు వేళ్ళ అడుగున పిడుగురాయి దొరికిందట. అది ఇప్పుడు వాళ్ళింట్లో ఉందట.

పిడుగుతో పాటు ఆకాశం నుంచి రాయి పడి భూమిలో దిగుతుందని మనవాళ్ళ నమ్మకం. ఆ రాయికి పసుపు పూసి దాస్తారు, అరగదీసి పిల్లలకు పట్టేవాళ్ళూ ఉన్నారు. అలా దాచిన రాళ్ళలో చాలా వాటిని మనిషి చేతులే చెక్కాయి. అందుకే ఆ మాట వినగానే ఇల్లు ఎక్కడో అడిగి బయల్దేరాను.

చనిపోయినాయన తల్లి సుబ్బాయమ్మగారు గూట్లోంచి రాయి తీసి, చేతికివ్వకుండా చూపించారు. మామిడి టెంక ఆకారం, ఒక కొస మొన, చుట్టూ చెక్కిన గుర్తులు. దీన్ని హ్యాండ్ యాక్స్ అంటారు. పిడి లేని గొడ్డలి, అరచేత్తో పట్టుకుని వేటాడిన జంతువును కోసేవాళ్ళు, దుంపలు తవ్వేవాళ్ళు. అదే చెప్పాను.

"మా అబ్బాయిని చంపిన రాయమ్మా ఇది. మీరు వేరే కథ చెప్పకండి" అన్నారామె.

గుమ్మం పక్కన నిలబడ్డ కోడలు నాగమణి తల దించుకుంది. నేను అడిగితే విషయం ఆమే చెప్పింది. ఆ సాయంత్రం గాలి లేస్తుంటే, కాయలు రాలిపోతాయి ఓసారి తోటకెళ్ళి చూసి రమ్మని భర్తను పంపింది తనేనట. రాయి బయటపడ్డాక ఊళ్ళో ఎవరో పెద్దమనిషి, ఇది ఇంటి ఆడదాని దోషానికి దిగిన రాయి, ఆమె తోటలో అడుగుపెడితే మళ్ళీ పడుతుందన్నాడట. అప్పటి నుంచి నాగమణి సొంత తోట ముఖం చూడలేదు. కోతలొచ్చినా వాకిట్లో కూర్చుని ట్రేలు సర్దడమే ఆమె పని.

నాకు ఒళ్ళు మండింది. పిడుగుకు జాతకాలు తెలుస్తాయా? గొయ్యి తవ్వారు, గోతిలో రాయి దొరికింది. చెట్టు కాలకపోయినా, అక్కడ బావి తవ్వినా ఆ రాయి అక్కడే దొరికేది. రెండు సంగతులు పక్కపక్కన కనిపించగానే ఒకటి రెండోదాన్ని తెచ్చిందనడం ఒక తప్పు. ఆ తప్పును మోయడానికి ప్రతిసారీ ఒక ఆడదాన్ని వెతికి పట్టుకోవడం అంతకన్నా పెద్ద నేరం. ఇదంతా ఆ వాకిట్లోనే గట్టిగా అన్నాను. సుబ్బాయమ్మగారు ఓపిగ్గా విని, మంచినీళ్ళిచ్చి, రాయిని తిరిగి గూట్లో పెట్టేశారు.

"ఆవిడ ఎవరి మాటా వినదండీ. విన్నా నాకు మాట్లాడే హక్కు లేదు, పంపింది నేనేగా" అంది నాగమణి మెల్లగా.

మట్టి పొరలు కనిపించేలా గొయ్యి గోడ శుభ్రం చేసుకోవడానికి మాత్రం పెద్దావిడ ఒప్పుకున్నారు. పక్కనే చిన్న ట్రెంచ్, అంటే కొలతలు వేసి పొరపొరగా తవ్వే గుంట, తీశాను. ఎర్రమట్టి కింద మెత్తటి ఒండ్రు. అందులో ఫ్లేకులు, అంటే రాయి చెక్కేటప్పుడు ఎగిరిన పెచ్చులు. ఏరు దొర్లించి ఉంటే అంచులు అరిగిపోవాలి. ఇవి నిన్న రాలినంత పదునుగా ఉన్నాయి. ఒకచోట అవి అర్ధచంద్రాకారంలో పరుచుకుని, మధ్యలో ఖాళీ జాగా ఉంది.

మధ్యాహ్నం ఆ ఖాళీలో మోకాళ్ళు మడిచి కూర్చుని చూశాను. అది ఒక మనిషి కూర్చున్న చోటు. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలుచుక్కలుగా పడుతోంది. కళ్ళు మూసుకుంటే తోట తొలగిపోయింది. ఏరు బాగా దగ్గరికొచ్చింది, గట్టున గడ్డి నిలువెత్తు పెరిగింది. నీళ్ళకు దిగిన మంద ఒకటి తలెత్తి ఇటు చూసి మళ్ళీ తాగుతోంది. ఎవరో రాయి మీద రాయి కొడుతున్నారు, ఆగి, అంచు చూసుకుని, మళ్ళీ కొడుతున్నారు. ఆ మనిషి ఆడో మగో తెలియదు. మనలాంటి మనిషా, మనకన్నా ముందటి మనిషా, అదీ చెప్పలేను. ఎన్ని వేల తరాల కిందటి సంగతో లెక్క కట్టే ఆధారం నా దగ్గర లేదు. కానీ ఆ శబ్దం ఇప్పుడే ఆగినట్టుంది.

కళ్ళు తెరిచాక, ఏం చెయ్యాలో తోచింది. ఒక్కో పెచ్చు ఎక్కడుందో గీసుకుని, పెద్దవి కొన్ని తీసి వాకిట్లోకి పట్టుకెళ్ళాను. సుబ్బాయమ్మగారిని రాయి అడిగాను. కడగనివ్వనన్నారు. కడగొద్దండీ, పసుపుతోనే ఉంచండి అన్నాను. రాయి ఆమె చేతుల్లోనే ఉంది. నేను ఒక్కో పెచ్చూ దాని చెక్కిన గుర్తులకు ఆనించి చూస్తున్నాను. ఒకటి కుదరలేదు. ఇంకోటీ కుదరలేదు. ట్రేలు సర్దడం ఆపి నాగమణి దగ్గరకొచ్చింది.

తర్వాతి పెచ్చు రాయి అంచున ఉన్న పల్లంలోకి టక్కుమని దిగి కూర్చుంది. మధ్యలో వెంట్రుక పట్టే సందు లేదు. దీన్ని రీఫిట్ అంటాం, విడిపోయిన ముక్కను దాని చోట్లో మళ్ళీ పెట్టడం. నా వృత్తిలో ఇంతకు మించిన సాక్ష్యం లేదు. ఈ రాయి ఆకాశం నుంచి రాలేదు. ఎవరో అక్కడే కూర్చుని చెక్కారు, తీసేసిన పెచ్చు అక్కడే పడింది.

పెద్దావిడ ఆ పెచ్చు ఊడదీశారు. లోపలి వైపు పసుపు అంటుకుంది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ తీశారు. ఆ టక్కుమనే చప్పుడు వాకిట్లో చాలాసేపు వినిపించింది.

"మరి మావాణ్ణి పిడుగెందుకు కొట్టినట్టు?" అన్నారు చివరికి.

చేతిలో మిగిలిన పెచ్చులు కింద పెట్టాను. "ఎందుకు అనేదేం లేదండీ. ఎత్తైన చెట్టు, కింద మనిషి. అంతే."

"అయితే ఎవరికీ మామీద కోపం లేదన్నమాట."

"లేదండీ."

ఆమె రాతిని ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ దోషం మాట కోడల్నే కాదు, ఆమెనూ కాల్చిందని నాకు అప్పుడు తెలిసింది. ఎవరో పగబట్టి తన కొడుకును ఏరి చంపారన్న ఆలోచనతో ఆ తల్లి ఎన్ని పొద్దులు గడిపిందో. తర్వాత, కోడలి వైపు చూడకుండానే, మామూలు గొంతుతో అన్నారు:

"మణీ, రాలిన కాయలు ఎండకు పాడైపోతాయి. బుట్ట తీసుకుని తోటకెళ్ళు."

నాగమణి బుట్ట తీసుకుంటే నేనూ వెంట నడిచాను. తోట గట్టు దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగి, దాటింది. ఖాళీ జాగా చూపిస్తే, బుట్ట పక్కన పెట్టి, చెదిరిన పెచ్చులకు తగలకుండా చీర సర్దుకుని అందులో కూర్చుంది.

"ఇక్కణ్ణుంచి ఏరు కనిపించేదా మేడంగారూ?"

"అప్పుడు దగ్గరగా పారేదేమో. కనిపించే ఉంటుంది."

ఆమె అటే చూస్తూ కూర్చుంది. పైన గాలి లేచింది. ఎక్కడో ఒక కాయ రాలింది. నాగమణి ఉలిక్కిపడలేదు.

వాదనతో మూఢనమ్మకాన్ని ఓడించవచ్చని నేను ఇప్పటికీ నమ్ముతాను. అయితే ఆ వేసవి నుంచి, ఎవరింటికి వాదించడానికి వెళ్ళినా ముందు ఆ ఇంటి రాతికి కుదిరే పెచ్చు ఎక్కడుందో వెతుకుతున్నాను. దొరికాక దాన్ని నా చేత్తో అతికించి చూపించను. వాళ్ళ చేతికే ఇస్తాను.